సర్ఫింగ్ పోటీని ఫాలో అవడం ఎలా: ముందు సముద్రం, తర్వాతే స్కోరు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ పోటీ పారిస్‌లో జరగలేదు. అక్కడికి దాదాపు 15,700 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రంలోని తాహితి దీవిలో, టేఆహుపోఓ అనే ఊరి ముందు జరిగింది. జులై 29న బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియెల్ మెదీనా అక్కడ ఒక అల మీద పదికి 9.90 కొట్టాడు. అల దిగాక గాల్లోకి ఎగిరి, పక్కనే నిటారుగా బోర్డుతో సహా నిలబడ్డట్టు కనిపించే ఫోటో మీ వాట్సాప్‌కి కూడా వచ్చే ఉంటుంది. వారం తర్వాత, ఆగస్టు 5న, అదే మెదీనా సెమీఫైనల్లో, రెండు మంచి అలల మార్కులు కలిపి, 12.33–6.33 తేడాతో ఆస్ట్రేలియా సర్ఫర్ జాక్ రాబిన్సన్ చేతిలో ఓడిపోయాడు.

స్కోరు ఒక్కటే చూస్తే మెదీనా చేతులెత్తేశాడనిపిస్తుంది. ఆ విడత (దాన్నే హీట్ అంటారు) మొత్తంలో అతను ఎక్కగలిగింది ఒకే ఒక్క అల. ఎక్కడానికి రెండోది దొరకలేదు. సముద్రం చల్లబడి కూర్చుంది.

క్రికెట్ చూసేవాళ్లకు పిచ్ రిపోర్ట్, మంచు, మబ్బు అన్నీ అలవాటే. సర్ఫింగ్‌లో ఆ పిచ్ అరగంటకోసారి మారిపోతుంది. అందుకే కొత్తగా చూడటం మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సర్ఫర్ల పేర్లు తర్వాత నేర్చుకోండి, ముందు ఆ వారం సముద్రం ఎలా ఉండబోతోందో చూడటం నేర్చుకోండి. దానికి ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా తాహితివే తీసుకున్నాను. ఒలింపిక్స్ పోటీతో పాటు, వరల్డ్ సర్ఫ్ లీగ్ టూర్ (ఊరూరా తిరిగే ప్రొఫెషనల్ పోటీల వరస) కూడా ఏళ్లుగా అక్కడికి వెళ్తోంది. ఆ రికార్డింగులు దొరుకుతాయి కాబట్టి చెప్పినవి మీరే చూసి సరిపోల్చుకోవచ్చు.

తేదీలు కాదు, గడువు చూడండి

సర్ఫింగ్ పోటీకి 'ఫలానా రోజు ఫైనల్' అని ఉండదు. పది పన్నెండు రోజుల గడువు ఇస్తారు. దాన్ని వెయిటింగ్ పీరియడ్ అంటారు. పోటీ మొత్తం అవడానికి నిజంగా కావలసింది నాలుగైదు రోజులే. మిగతా రోజులన్నీ మంచి అలల కోసం ఎదురుచూడటానికి. తాహితి ఒలింపిక్ పోటీ జులై 27న మొదలై ఆగస్టు 5న ముగిసింది కానీ, నీళ్లలో పోటీ నడిచింది అందులో సగం రోజులే.

ఈ ఎదురుచూపు ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే హవాయిలో వైమియా బే దగ్గర జరిగే 'ది ఎడ్డీ' సంగతి చూడాలి. అల ముఖం 40 అడుగులు ఉంటేనే పోటీ పెడతారు. ప్రతి చలికాలం దాదాపు మూడు నెలల గడువు ప్రకటిస్తారు, చాలా ఏళ్లు పోటీ లేకుండానే గడువు అయిపోతుంది. 1980ల మధ్యలో మొదలైన పోటీ 2024 చివరి వరకు జరిగింది పదకొండు సార్లే. 2023 జనవరిలో దాన్ని గెలిచిన ల్యూక్ షెపర్డ్‌సన్ ఆ రోజు అదే బీచ్‌లో లైఫ్‌గార్డ్ డ్యూటీలో ఉన్నాడు. తన వంతు వచ్చినప్పుడు విరామం తీసుకుని వెళ్లి సర్ఫ్ చేసి, మళ్లీ డ్యూటీ ఎక్కాడు.

కాబట్టి క్యాలెండర్‌లో ఒక్క రోజు గుర్తుపెట్టుకోకండి, గడువు మొత్తం గుర్తుపెట్టుకోండి. ఆఫీసులో సెలవు పెట్టేలా ఉంటే ఇప్పుడే పెట్టకండి. ఎప్పుడు పెట్టాలో కింద వస్తుంది.

గడియారం లెక్క ఒకసారి వేసి పెట్టుకోండి

తాహితి, హవాయి రెండూ మనకంటే 15 గంటల 30 నిమిషాలు వెనక. అక్కడ ఉదయం 7 అయితే మనకు అదే రోజు రాత్రి 10:30. అంటే మనం పడుకునే వేళకి వాళ్ల పోటీ మొదలవుతుంది, తెల్లారేదాకా సాగుతుంది. అదే టైముకి డాలస్‌లో ఉన్న మనవాళ్లకు, వేసవిలో అయితే, మధ్యాహ్నం 12. వాళ్లకు లంచ్ టైమ్, మనకు జాగారం.

అన్ని చోట్లా ఇంత కష్టం ఉండదు. దక్షిణాఫ్రికాలో జెఫ్రీస్ బే దగ్గర ఉదయం 7:30 అంటే మనకు 11 గంటలు. బ్రెజిల్‌లో సాక్వరేమాలో ఉదయం 7 అంటే మనకు మధ్యాహ్నం 3:30. పోర్చుగల్‌లో, చలికాలంలో, ఉదయం 8 అంటే మనకు 1:30. మొదటిసారి చూడాలనుకునేవాళ్లు ఈ మూడింటిలో ఏదో ఒకటి పట్టుకోండి. ప్రసారం వరల్డ్ సర్ఫ్ లీగ్ వెబ్‌సైట్‌లో, యాప్‌లో వస్తుంది. యాప్‌లో నోటిఫికేషన్ పెట్టుకుంటే పోటీ మొదలయ్యే ముందు ఫోన్ మోగుతుంది.

మూడు అంకెలు చదవడం నేర్చుకోండి

అసలు పని ఇక్కడుంది. తీరికగా చదవండి.

గడువుకి ఐదారు రోజుల ముందు నుంచి విండీ యాప్‌లో గానీ, సర్ఫ్‌లైన్ సైట్‌లో గానీ ఆ ఊరి అలల అంచనా తెరవండి. విండీలో గాలి బదులు 'స్వెల్' పొర ఎంచుకోవాలి. అక్కడ కనిపించేది ఇలా ఉంటుంది: 2 మీటర్లు, 16 సెకన్లు, 210 డిగ్రీలు.

స్వెల్ అంటే ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో తుఫాను గాలి లేపిన అలలు, ఆ గాలిని వదిలేసి సొంతంగా ప్రయాణం కట్టి వచ్చేవి. మన తీరంలో గాలి ఆకు కూడా కదపకపోయినా ఒక్కోసారి సముద్రం పొంగడానికి ఇదే కారణం. కేరళలో దీన్ని కళ్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని అర్థం. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన స్వెల్ చెప్పాపెట్టకుండా వచ్చి ఊళ్లోకి నీళ్లు తెస్తుంది. దాని గురించి హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది ఎక్కడనుకున్నారు, సముద్రమే లేని హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో. వాళ్ల సైట్‌లో మన తీరానికి కూడా ఇవే మూడు అంకెలు ఉంటాయి. విశాఖలో ఉన్నవాళ్లు పొద్దున్నే ఆ అంకెలు చూసి, రుషికొండకి వెళ్లి, సముద్రం దానికి తగ్గట్టు ఉందా లేదా చూసుకోండి. వారం రోజులు అలా చేస్తే తాహితి అంచనా చదవడం తేలికైపోతుంది.

ఇక అంకెలు.

ఎత్తు చూసి అందరూ మోసపోతారు, నేనూ పోయాను. 2 మీటర్లేగా అనుకుని పడుకున్న రాత్రి, పొద్దున రికార్డింగ్‌లో ఇంటి కప్పు ఎత్తు అలలు కనిపించాయి. ఆ అంకె సగటు లాంటిది. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వేసిన సగటు. విడిగా ఒక అల దానికి దాదాపు రెట్టింపు కూడా ఉండొచ్చు. పైగా అది లోతు నీళ్లలో ఎత్తు, ఒడ్డు దగ్గర అల ఇంకా లేస్తుంది. కామెంటరీలో హవాయి వాళ్లు అడుగులు చెబితే ఇంకో చిక్కు: వాళ్ల పాత లెక్కలో 6 అడుగులంటే అల ముఖం సుమారు 12 అడుగులు.

రెండో అంకె పీరియడ్. ఒక అల వెళ్లాక రెండో అల రావడానికి పట్టే సెకన్లు. నన్నడిగితే ఎత్తు కంటే ముందు చూడాల్సింది ఇదే. 9 సెకన్ల అల, లోతు నీళ్లలో, సుమారు 126 మీటర్ల పొడవు ఉంటుంది. 16 సెకన్ల అల సుమారు 400 మీటర్లు. ఎత్తు రెండింటికీ ఒకటే కావచ్చు, కానీ రెండోదానిలో మోసుకొచ్చే నీటి బలం చాలా ఎక్కువ. పొడవాటి అల దాదాపు 200 మీటర్ల లోతు నుంచే అడుగును తాకడం మొదలుపెడుతుంది, వంగుతుంది, పోగవుతుంది. టేఆహుపోఓలో లోతు సముద్రం ఒక్కసారిగా పగడపు దిబ్బ మీదికి ఎక్కేస్తుంది. ఆ బలమంతా ఒక్క చోట లేచి, ముందుకు విరిగి, గొట్టంలా చుట్టుకుంటుంది. దాన్నే బ్యారెల్ అంటారు. తేలిక గుర్తు: పది సెకన్ల లోపు అయితే దగ్గరి గాలి లేపిన చిందరవందర అలలు, 14 దాటితే దూరపు సరుకు, 16 దాటితే అలారం పెట్టుకోండి.

పీరియడ్‌తో ఇంకో పని ఉంది. స్వెల్ ఎప్పుడు చేరుతుందో దీంతో లెక్కకట్టొచ్చు. సెకన్లను ఒకటిన్నరతో హెచ్చిస్తే స్వెల్ వేగం నాట్లలో వస్తుంది. 16 సెకన్లు అంటే 24 నాట్లు, గంటకు సుమారు 45 కిలోమీటర్లు. తాహితికి 4,000 కిలోమీటర్ల దూరంలో తుఫాను ఉంటే దాని స్వెల్ చేరడానికి మూడున్నర రోజుల పైనే పడుతుంది. పొడవాటి పీరియడ్ అలలు వేగంగా నడుస్తాయి కాబట్టి ముందు అవే వస్తాయి. అంచనాలో 1 మీటరు, 19 సెకన్లు అని కనిపిస్తే 'ఇంతేనా' అనుకోకండి. అది వచ్చే బండికి ముందు వినిపించే చప్పుడు.

మూడోది దిశ. సున్నా ఉత్తరం, 90 తూర్పు, 180 దక్షిణం, 225 నైరుతి. స్వెల్‌కైనా గాలికైనా ఎటు నుంచి వస్తే ఆ పేరే. నైరుతి రుతుపవనాలు నైరుతి నుంచి వస్తాయని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు కదా, అదే పద్ధతి. టేఆహుపోఓకి నైరుతి వైపు నుంచి వచ్చే స్వెల్ కావాలి, అందుకే అక్కడ సీజన్ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, దక్షిణార్ధగోళపు చలికాలం. హవాయిలో పైప్‌లైన్ అనే చోటికి వాయవ్యం నుంచి రావాలి, దాని సీజన్ మన చలికాలం. దిశ పది పదిహేను డిగ్రీలు మారితే అదే ఎత్తు అల ఒకచోట అద్భుతంగా, ఇంకోచోట మూసుకుపోయినట్టుగా విరుగుతుంది.

గాలి, పోటు పాటు

గాలి ఒడ్డు మీంచి సముద్రం వైపు వీస్తే అల ముఖం నున్నగా, నిలబడి ఉంటుంది. సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తే అల ముందే చెదిరిపోయి, నురగ మిగులుతుంది. తెల్లవారుజామున నేల చల్లబడి గాలి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నానికి తిరగబడుతుంది. అందుకే చాలా పోటీలు పొద్దున్నే మొదలుపెట్టాలని చూస్తారు. తాహితిలో చలికాలం ఆగ్నేయం నుంచి మరామూ అనే గట్టి గాలి వస్తుంది. అది పట్టుకుంటే స్వెల్ ఎంత బాగున్నా రోజు పాడైనట్టే.

ఆటుపోట్ల సంగతి ఊరిని బట్టి. పోర్చుగల్‌లో పెనిషె దగ్గర నీటి మట్టం రోజులో మూడు మీటర్ల దాకా మారుతుంది. పొద్దున బాగా విరిగిన చోట మధ్యాహ్నానికి అలే ఉండదు. తాహితిలో పోటుకీ పాటుకీ తేడా జానెడు, అంతకు కాస్త ఎక్కువ. ఇంకో వింత: ప్రపంచమంతటా పోటు చంద్రుణ్ణి బట్టి రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటే, తాహితిలో సూర్యుడి మాట చెల్లుతుంది. ఎప్పుడు చూసినా పోటు మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతాల్లోనే. కాబట్టి అక్కడ పోటు పట్టిక వదిలేయొచ్చు, పెనిషెలో మాత్రం పక్కనే పెట్టుకోండి.

పొద్దుటి 'కాల్' కోసం కాచుకోండి

గడువులో ప్రతి ఉదయం నిర్వాహకులు సముద్రం చూసి ఒక మాట చెబుతారు. దాన్నే కాల్ అంటారు. మూడు రకాలు. 'ఆన్' అంటే మొదలు. 'హోల్డ్' అంటే గంట, రెండు గంటలాగి మళ్లీ చెబుతాం అని. 'ఆఫ్' అంటే ఇవాళ్టికి ఇంటికెళ్లండి.

మనకు రాత్రి 10:30 కాబట్టి ఈ కాల్ విన్నాకే పడుకోవాలో టీ పెట్టుకోవాలో తేల్చుకోండి. హోల్డ్ అన్నప్పుడు మేలుకుని కూర్చోకండి. నేను రెండున్నర దాకా కూర్చుంటే చివరికి ఆఫ్ అన్నారు, మర్నాడు ఆఫీసులో కళ్లు మూసుకుపోయాయి. గంటకో అలారం పెట్టుకుని పడుకోవడం నయం.

కాల్‌తో పాటు రాబోయే రెండు మూడు రోజుల అంచనా కూడా చెబుతారు. మీరు విండీలో చూసుకున్నది వాళ్లు చెప్పేదాంతో కలుస్తోందా చూడండి. మీ అంకెలు ఇవాళ 1.2 మీటర్లు, ఎల్లుండి 2.5 మీటర్లు 17 సెకన్లు అంటుంటే, వాళ్లు ఇవాళ మొదటి రౌండ్లు ముగించి పెద్ద రోజును సెమీస్‌కి, ఫైనల్‌కి దాచుకుంటారని ఊహించొచ్చు. సెలవు పెట్టాల్సింది ఆ ఎల్లుండికే. 2021 నుంచి 2025 వరకు టూర్ ఛాంపియన్‌ను ఒకే రోజు పోటీలో తేల్చేవారు. గడువులో ఆ ఒక్క రోజును ఎంచుకోవడం మీదే సంవత్సరమంతా ఆధారపడేది. పద్ధతి ఏడాదికోసారి మారుతుంటుంది, సీజన్ మొదట్లో ఒకసారి చూసుకోండి.

పోటీ మధ్యలో ఆగడానికి గాలీ అలలే కారణం కానక్కర్లేదు. 2015 జులైలో జెఫ్రీస్ బే ఫైనల్లో మిక్ ఫానింగ్ దగ్గరికి షార్క్ వచ్చింది. ఇద్దరు సర్ఫర్లనూ బయటికి లాగి, ఫైనల్ రద్దు చేసి, ఇద్దరికీ రెండో స్థానం పాయింట్లు ఇచ్చారు.

హీట్ చూసేటప్పుడు

హీట్ అంటే ఇద్దరు, కొన్ని పోటీల మొదటి రౌండ్లలో ముగ్గురు నలుగురు, అరగంట సేపు నీళ్లలో ఉండటం. ఎవరు ఎవరో జెర్సీ రంగును బట్టి పోల్చుకోవాలి. అల 'లెఫ్ట్' అంటే సర్ఫర్‌కి ఎడమ, ఒడ్డు నుంచి చూసే మనకు కుడి. ఇది తెలియక మొదట్లో కామెంటరీ అంతా తిరగేసి వినిపిస్తుంది.

హీట్ మొదలవగానే స్కోరు చూడకండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, నాలుగో ఐదో వచ్చాక కాసేపు నిశ్శబ్దం. ఆ గుంపుకీ ఈ గుంపుకీ మధ్య ఎన్ని నిమిషాలో రాసుకోండి. ఎనిమిది నిమిషాలైతే అరగంటలో మూడు నాలుగు గుంపులు. పదిహేను అయితే రెండే. ఈ ఒక్క అంకెతో ఎవరు తొందరపడుతున్నారో, ఎవరు పొరపాటుగా ఓపిక పడుతున్నారో మీకే అర్థమవుతుంది.

దాని తర్వాత చూడాల్సింది ప్రయారిటీ. తెర మీద ఒకరి పేరు పక్కన గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్నవాళ్లకు ఏ అలైనా తీసుకునే హక్కు. రెండోవాళ్లు అడ్డుపడితే పాయింట్లలో కోత. అల ఎక్కితే ప్రయారిటీ పోతుంది, అల కోసం చేతులు వేసి అందుకోలేకపోయినా పోతుంది. అందుకే ప్రయారిటీ ఉన్న సర్ఫర్ కళ్లముందు నుంచి మంచి అలలు వదిలేస్తున్నట్టు కనిపిస్తాడు. రాబోయే పెద్దదాని కోసం దాచుకుంటున్నాడన్నమాట. సముద్రం చల్లబడిన రోజు ఆ దాచుకున్నది చేతిలోనే మిగిలిపోతుంది.

స్కోరు సులువే. ఒక్కో అలకు ఐదుగురు జడ్జీలు పదికి మార్కులేస్తారు, ఎక్కువ తక్కువ రెండూ తీసేసి మిగిలిన మూడింటి సగటు. ఒక్కొక్కరివీ రెండు మంచి అలలు కూడితే ఇరవైకి మొత్తం. ఎనిమిది పైన అద్భుతం, ఆరు పైన బాగుంది, నాలుగు పైన పర్లేదు. కానీ ఆ ఎనిమిది ఆ రోజు సముద్రానికి ఎనిమిది. చిన్న అలల రోజు ఎనిమిదినీ, తాహితిలో బ్యారెల్ లోపల్నుంచి బయటపడి తెచ్చుకున్న ఎనిమిదినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. వేవ్‌పూల్‌లో (యంత్రంతో అలలు పుట్టించే కొలనులో) పెట్టే పోటీల్లో ఈ గొడవ లేదు, అందరికీ ఒకే రకం అల. నాకైతే అవి చూస్తే నిద్రొస్తుంది.

తెర మీద 'కావలసిన స్కోరు' అని ఒక అంకె తిరుగుతుంటుంది, దాని మీద కన్నేసి ఉంచండి. 2024 ఒలింపిక్స్ మహిళల ఫైనల్లో అమెరికాకు చెందిన కెరొలైన్ మార్క్స్‌ 10.50 మీద ఉంది. బ్రెజిల్ తరఫున ఆడిన తతియానా వెస్టన్-వెబ్ దగ్గర 5.83 అల ఒకటి ఉంది. గెలవాలంటే రెండో అలకు 4.68 రావాలి. చివర్లో ఆమె ఒక అల ఎక్కింది. జడ్జీలు ఇచ్చింది 4.50. మొత్తం 10.33. బంగారం, వెండి మధ్య తేడా 0.17.

ఇదే చోట పురుషుల ఫైనల్ చూడండి. తాహితిలోనే పుట్టి, ఆ అలల మీదే పెరిగిన కౌలీ వాస్ట్ ఫ్రాన్స్ తరఫున 17.67 చేశాడు. జాక్ రాబిన్సన్ 7.83 దగ్గర ఆగిపోయాడు. అదే ఏడాది మేలో టూర్ పోటీని అక్కడే గెలిచిన వహీనే ఫియెరో కూడా ఆ ప్రాంతపు మనిషే, తాహితికి దగ్గర్లోని హువాహినే దీవిలో పుట్టింది, వైల్డ్‌కార్డ్‌తో (అర్హతతో పని లేకుండా ఇచ్చే చోటుతో) వచ్చింది. ఆ దిబ్బ మీద ఏ గుంపులో ఎన్నో అల మంచిదో కళ్లు మూసుకుని చెప్పగలవాళ్లు. డ్రా (ఎవరితో ఎవరు పోటీపడతారో చెప్పే జాబితా) వచ్చినప్పుడు లోకల్ వైల్డ్‌కార్డ్ ఎవరో చూసుకోవడం అందుకే మర్చిపోకండి.

పొద్దున లేచాక

రాత్రంతా మేలుకోలేనివాళ్లు బాధపడక్కర్లేదు. లీగ్ సైట్‌లో హీట్ ఎనలైజర్ అని ఉంటుంది. ప్రతి హీట్‌నూ అల అల విడదీసి చూడొచ్చు. కానీ నేరుగా స్కోర్లున్న అలలకు దూకితే సగం ఆట పోతుంది, మధ్యలో ఉన్న ఖాళీ నిమిషాలు అందులో కనిపించవు. కనీసం ఒక్క హీట్ అయినా పూర్తి రికార్డింగ్ పెట్టి, సౌండ్ తగ్గించి, స్టాప్‌వాచ్ పట్టుకుని చూడండి. మెదీనా, రాబిన్సన్ సెమీఫైనల్‌తోనే మొదలుపెట్టండి. ఎన్ని నిమిషాలకు ఒక గుంపు వచ్చిందో, అప్పుడు ప్రయారిటీ ఎవరి దగ్గరుందో ఒక కాగితం మీద రాసుకుంటూ పోతే, హీట్ సగానికి వచ్చేసరికే స్కోరు ఎటు పోతుందో మీరే చెప్పేస్తారు.